యుడోరాకు వీడ్కోలు



నేటి ప్రసంగమునకు "యుడోరాకు వీడ్కోలు" అని పేరు పెట్టితిని. ఈ వృద్ధుడు ఏ దొరసానిని సాగనంపుచున్నాడో యని మీలో కొందరనుకొనవచ్చును. యుడోరా యిచ్చట మనిషి కాదు. కంప్యూటరులో ఉత్తరములు వ్రాయుటకును, వచ్చిన యుత్తరములను తెచ్చి దాచుటకును ఏర్పడిన యొక ప్రోగ్రాము. నేను ముప్పదియైదేండ్లు బడిపిల్లలకు తెలుగు చెప్పి విశ్రాంతి గొన్నవాడను. చిన్ననాట గురువుగారి యొద్ద శబ్దమంజరియు, అమరమును, బాలవ్యాకరణమును వల్లించినవాడను. అట్టివానికి ఈ యంత్రపు సరుకుతో ఇరువదియేండ్లకు మించిన పొత్తు ఎట్లు కుదిరెనో, అది యెట్లు తెగెనో చెప్పెదను.

మొదట పేరు సంగతి. అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయమున, అర్బానా-షాంపేన్ అను చోట, స్టీవ్ డోర్నర్ అను నతడు 1988లో ఈ ప్రోగ్రామును వ్రాసెను. పగలు రేయి ఉత్తరముల వ్యవహారమే యగుటచే, తాను తపాలా కచేరిలోనే కాపురమున్నట్లు అతనికి తోచెనట. అంతట తాను చదివిన కథ యొకటి జ్ఞప్తికి వచ్చెను. మిసిసిపి రాష్ట్రపు రచయిత్రి యుడోరా వెల్టీ 1941లో ప్రకటించిన కథ యది. "నేను పోస్టాఫీసులో ఎందుకు కాపురమున్నాననగా" అని దాని పేరును తెలుగున చెప్పుకొనవచ్చును. చిన్న యూరిలో పోస్టాఫీసు నడుపు ఒక యువతి ఇంటివారందరితో కలహించి, తనదైన సామానంతయు మోసికొనిపోయి, పోస్టాఫీసులోనే మకాము పెట్టును. ఆ సామానులో రేడియో కూడ నున్నది. రేడియోలో మాటలాడుచున్నవాడను గనుక ఈ మాట విడువలేకపోతిని. ఆ రచయిత్రి పేరే ఈ ప్రోగ్రామునకు పేరైనది. ఆమె అప్పటికి జీవించియే యుండెను, 2001లో గతించెను. యంత్రములకు అంకెలు, పొడి యక్షరములు పేర్లుగా పెట్టు లోకములో ఒక కథారచయిత్రి పేరు పెట్టిన మనిషిపై నాకు మొదటినుండియు గౌరవము. తరువాత కొలదికాలమునకు క్వాల్‌కామ్ అను సంస్థ దానిని చేతబుచ్చుకొని, లోకమంతట వ్యాపింపజేసెను. ఒక మూలనున్న చిన్న కిటికీలో వ్యాపార ప్రకటనలు కనబడుట కొప్పుకొన్నవారికి అది ఉచితముగనే లభించెడిది. మేమును ఒప్పుకొన్నవారలమే.

2000వ సంవత్సరము ఆగస్టు నెలలో మా అబ్బాయి పై చదువులకై అమెరికాకు పయనమయ్యెను. ఆనాడు ఆ దేశమునకు టెలిఫోనులో మాటలాడవలెనన్న నిమిషమునకు పదుల రూపాయలు. ఉపాధ్యాయుని జీతములో అది సాగునది కాదు. అందుచే వాడు పోవుటకు ముందు ఎవరో వాడి విడిచిన కంప్యూటరు నొకదానిని కొనితెచ్చి, తెనాలిలో మా యింటి వసారాగదిలో నిలిపి, టెలిఫోను తీగను దానికి తగిలించి, యుడోరాను అందు చేర్చి, నాకును, అప్పుడు ఇంటర్మీడియటు చదువుచున్న మా అమ్మాయికిని వాడుక నేర్పి వెళ్ళెను.

ఆ వాడుక నేటి పిల్లలకు తెలియదు. రాత్రి పదిగంటలు దాటిన పిమ్మట మోడెము అను చిన్న పెట్టెచేత ఫోను చేయింపవలెను. అది కొంతసేపు కీచుమని, కొంతసేపు బుసకొట్టి, అదృష్టమున్న తగులుకొనును. లేనియెడల మరల మొదటినుండి. తగులుకొన్నంతసేపును టెలిఫోను లెక్క తిరుగుచుండును. కావున దూరపుగూటిలో మనకై వచ్చియున్న యుత్తరములన్నిటిని యుడోరా చకచక తెచ్చి మన కంప్యూటరులో పెట్టును. వెంటనే ఫోను కట్టివేయుదుము. ఆ తరువాత తీరుబడిగా చదువుకొనుటయే. మనము వ్రాసిన జాబులును అంతే. అవి ప్రక్కన ఒక గుర్తు పెట్టుకొని వరుసలో నిలిచియుండి, మరునాటి రాత్రి ఫోను తగులుకొన్నప్పుడు కదలిపోవును. ఉత్తరములు దిగుచుండగా నేను వసారాలో మంచముపై కూర్చుండి పద్యమొకటి రెండు రాగమెత్తి చదువుకొనెడివాడను. అది నాకు చిన్ననాటి యలవాటు. నేను దానిని పద్యపఠనమందును. మా యింటిలో మాత్రము "నాన్న పాడుకుంటున్నారు" అనెడివారు.

ఇక వ్రాత సంగతి. యుడోరాకు తెలుగు లిపి తెలియదు. 1991లోనే యూనికోడ్ అను సార్వలౌకిక లిపిపట్టికలో తెలుగునకు నూట ఇరువదియెనిమిది గళ్ళు కేటాయించిరి గాని, యుడోరా ఆ పట్టిక మాట చెవిని పెట్టలేదు. కావున తెలుగును రోమను అక్షరములలో వ్రాయవలసివచ్చెను. హ్యూస్టను నగరమందలి రైస్ విశ్వవిద్యాలయములోని తెలుగువారు 1990 తరువాతి యేండ్లలో దీనికొక పద్ధతి కల్పించిరి. అందు చిన్న 'టి' తకారము, పెద్ద 'టి' టకారము. చిన్న 'ఎన్' నకారము, పెద్ద 'ఎన్' ణకారము. దీర్ఘమునకు అచ్చును రెండుమారులు వ్రాయుట. మొదట నాకు రోత కలిగెను. ఏబదియారు అక్షరములు దిద్దించిన చేతితో ఇరువదియారింటిని పట్టుకొని దేవులాడవలసివచ్చెనే యని బాధపడితిని. కాని వారము దినములలో ఆ పద్ధతిలోని పొందిక నచ్చెను. ఎవరో వర్ణక్రమము తెలిసినవారే చేసిన పని యది. నేను నియమము తప్పక వ్రాసితిని. మా అమ్మాయికి ఆ నియమములు పట్టలేదు. చిన్న పెద్ద యనక, హ్రస్వ దీర్ఘము లనక, అన్నియు ఒకే తీరున కొట్టిపారవేసెడిది. "అన్నయ్యకి అర్థమవుతుందిలే నాన్నా" అని దానికి సమాధానము. అర్థమగుచునే యుండెను.

నా భార్య కంప్యూటరు ముట్టలేదు. ప్రక్కన పీట వేసికొని, చేతిపనితో కూర్చుండి చెప్పెడిది, నేను వ్రాసెడివాడను. మొదటి ఉత్తరములో ఆమె చెప్పినది: "ఒరే నాన్నా, అన్నం వండుకుంటున్నావా, బ్రెడ్డు ముక్కలతో సరిపెడుతున్నావా? ఆవకాయ జాడీ మూత గట్టిగా పెట్టు, చెమ్మ తగిలితే బూజు పడుద్ది." నేను వ్రాసినది: "చిరంజీవీ! స్వయంపాకము చేసికొనుచున్నావా? ఊరగాయపాత్రను ఆర్ద్రతనుండి రక్షింపుము." నాలుగుదినములకు జవాబు వచ్చెను. వాడు నాకు వేరుగా ఒక పంక్తి వ్రాసెను: "నాన్నగారూ, మీ ఉత్తరం మీరు రాయండి, అమ్మ ఉత్తరం అమ్మది అమ్మలాగే పంపండి. ఇక్కడ అమ్మ గొంతు వినపడక చస్తున్నాను."

దానిని పైకి చదివితిని. ఆమె ఏమియు ననక లోపలికి పోయి కాఫీ పెట్టి తెచ్చెను. గిడుగు రామమూర్తి పంతులుగారు, 1940లో కాలధర్మము నొందువరకు, వాడుకభాషకై వాదించుచునే యుండిరి. మా గురువుగారు ఆ వాదమును ఒప్పుకొనలేదు. నేనును గురువుగారి పక్షమువాడనే. ఈ ప్రసంగము ఏ భాషలో నున్నదో మీరు వినుచునే యున్నారు. ఐనను ఆనాటినుండి వసారాగదిలో నేను పండితుడను గాక లేఖకుడనైతిని. ఆమె "పడుద్ది" అన్న "పడుద్ది" యనియే, "ఎల్లిపోయాడు" అన్న "ఎల్లిపోయాడు" అనియే వ్రాసితిని. ఒక్కొక్క వ్రేటుకు నా గురువుగారు స్వర్గమున కనుబొమ్మలు ముడిచెడివారు కాబోలు. దిద్దుటకు చేయి పీకుచునే యుండెడిది. దిద్దలేదు.

యుడోరాలో ఒక వింత యుండెను. 2000లో వెలువడిన అయిదవ కూర్పులో, మనము ఆంగ్లమున జాబు వ్రాయుచుండగా పరుషముగ తోచిన మాటలుండినచో ప్రక్కన ఎఱ్ఱని మిరపకాయ బొమ్మ వేసెడిది. కొంచెము కారమైన ఒకటి, మించిన రెండు, మరియు మించిన మూడు. గుంటూరు జిల్లావాడనైన నాకు ఆ యమెరికా మిరపకాయలను చూచిన ముచ్చట వేసెడిది. ఒకమారు పన్ను లెక్కలో పొరపాటు గూర్చి ఒక కచేరికి ఆంగ్లములో లేఖ వ్రాయగా మూడు కాయలు పడెను. రెండు వాక్యములు కొట్టివేసి, ఒక కాయకు దించి పంపితిని; పని జరిగెను. కాని తెలుగు కోపము దానికి తెలియదు. రోమను లిపిలో తెలుగున ఎంతటి మాట వ్రాసినను చల్లగా ఊరకుండెడిది.

2003లో మా అబ్బాయి సెలవులకు వచ్చెదనని చెప్పి, రెండవమారు మానుకొనెను. నేను వానికొక జాబు వ్రాసితిని. అందులోని మాటలు ఇచ్చట చెప్పను. ఒక్క మిరపకాయ పడలేదు. పంపు మీట నొక్కితిని. అది వరుసలో నిలిచెను. ఆ రాత్రి ఎంత ప్రయత్నించినను ఫోను తగులుకొనలేదు. తెల్లవారి నా భార్య "రాత్రి ఏం రాశారు?" అని యడిగెను. చదివితిని. "రేపు పంపుదురుగాని లెండి" అనెను. మరునాడును అదే మాట. మూడవనాడు నేనే దానిని తీసివేసితిని. నేడు ఫోనులలో వ్రేలు తగిలిన తక్షణము మాట సముద్రములు దాటిపోవుచున్నది. వేగము మంచిదే, నేనును అనుభవించుచున్నాను. ఐనను ఆ మూడు రాత్రుల ఆలస్యము లేకుండిన మా తండ్రికొడుకుల మధ్య ఏమి జరిగియుండెడిదో తలచుకొన్నప్పుడు, ఆ పాత మోడెమునకు దండము పెట్టవలెననిపించును.

కాలము మారెను. 2006లో క్వాల్‌కామ్ వారు తమ చివరి కూర్పులను విడుదలచేసి, అంతటితో ఆ పని చాలించిరి. లోకము మాత్రము ముందుకే నడిచెను. తెలుగువారు తెలుగు లిపిలోనే ఉత్తరములు వ్రాయసాగిరి. అట్టి జాబు యుడోరాలోనికి వచ్చినచో ఒక్కొక్క తెలుగు వర్ణము మూడు ముక్కలై కనబడెడిది. మొదట తలపై వాలుగీత గల ఆంగ్లపు 'ఎ', దాని వెంట చిన్న సున్నయో కూడిక తీసివేతల జంటగుర్తో, ఆ పిమ్మట మరియొక వింత గుర్తు. పుటనిండ సున్నలు. నా పూర్వశిష్యుడొకడు తన గృహప్రవేశమునకు చక్కని తెలుగున ఆహ్వానము పంపగా, అది నాకు సున్నల పంట వలె కనబడి, ముహూర్తమే తెలియక పోలేకపోతిని. అప్పుడే నేను మారవలసియుండెను. మా అబ్బాయియు చెప్పెను. "ఉన్నది చాలులేరా" అంటిని.

2014 కార్తికమాసములో నా భార్య గతించెను. ఆ పిమ్మట ఆ గదిలో నేను వ్రాయు ఉత్తరములు తగ్గిపోయినవి. అబ్బాయి వారమున కొకమారు ఫోనులో ముఖము చూపి మాటలాడును. కంప్యూటరుపై గుడ్డ కప్పియే యుండెడిది. 2018లో అమెరికాలోని కంప్యూటరు చరిత్ర ప్రదర్శనశాలవారు క్వాల్‌కామ్ అనుమతితో యుడోరా మూలవ్రాతను అందరికిని బహిరంగముగ నిచ్చిరి. ప్రోగ్రాము ప్రదర్శనశాలకు చేరినదని విన్నప్పుడు నా వయస్సు నాకు తెలిసెను.

తెగతెంపులు మాత్రము ఈ మధ్యనే జరిగినవి. ఉత్తరములు నిలువయుండు దూరపుగూళ్ళకు తాళములు మారినవి. ఇదివరకు పేరు, రహస్యపదము చెప్పిన చాలును. ఇప్పుడు దొంగల భయముచేత సంకేతముల కట్టుబాట్లు కఠినమైనవి. పాత యుడోరాకు ఆ కొత్త తాళములు తీయుట రాదు. ఒకనాడు ఎంత పిలిచినను గూడు తెరువలేదు. అందు తప్పు ఎవరిదియు గాదు. దానికి తోడు కంప్యూటరు లోపలి చక్రము మూలుగసాగెను. బజారులోని మరమ్మతు కుఱ్ఱవాడు చూచి, "ఇది పాతసామాను వాడికి ఇచ్చేయండి మాస్టారూ, ఇందులో ఏముంటుంది?" అనెను.

ఇందులో ఏమున్నదో చెప్పవలెను. యుడోరా ఉత్తరములను తన ప్రత్యేకపు గూఢలిపిలో దాచదు. ఒక్కొక్క పెట్టెలోని యుత్తరములన్నియు ఒకదాని క్రింద నొకటి, తేదీలతో, సామాన్యాక్షరములతో, ఒకే పొడుగాటి వ్రాతగా నుండును. ఏ ఉత్తరము ఎచ్చటనున్నదో చెప్పు విషయసూచిక వేరుగా నుండును. వెంట వచ్చిన ఛాయాచిత్రములు మరియొక యరలో నుండును. తాటాకుకట్ట వంటిది. కట్టిన త్రాడు తెగినను, కట్టిన చేయి పోయినను, అక్షరము తెలిసినవాడు విప్పి చదువుకొనవచ్చును. పైగా అవి మన యింటిలోనే యుండెడివి. నేటి పద్ధతిలో ఉత్తరములు ఎచ్చటనో యుండును. మనము పోయి చూచి రావలెను. సౌకర్యమే, ఇల్లు కాలినను అవి కాలవు. కాని నా వంటివానికి జాబు ఇంటి దూలమునకు గ్రుచ్చియున్న తీగకు వ్రేలాడుచుండవలెను. ఆ పెట్టెలో నాకు వచ్చినవి కొన్ని, నేను పంపినవి కొన్ని, నా భార్య చెప్పగా నేను వ్రాసినవి వేయికి పైబడి యున్నవి. ఆమె గొంతును మేము రికార్డు చేసికొనలేదు. ఉన్నది అది యొక్కటే.

మా అబ్బాయి ఫోనులో ఒక్కొక్క మెట్టు చెప్పుచుండగా, ఆ కుఱ్ఱవాడే వాటిని చిన్న పుల్లలోని కెక్కించి, కొత్త కంప్యూటరులో థండర్‌బర్డ్ అను ప్రోగ్రామును చేర్చి, అందులో పెట్టెను. ఇది మంచి ప్రోగ్రామే. తెలుగున వ్రాయుదును, ఒత్తులతో, గుడులతో, అరసున్నతో సహా. మొదటినాడు నా పేరును నా లిపిలో చూచుకొని చాలసేపు కూర్చుంటిని. ఆ సాయంత్రము పాత కంప్యూటరులో యుడోరాను కడపటిమారు తెరచితిని. పాత అలవాటున ఉత్తరముల కొరకు గూటిని తట్టెను, గూడు పలుకలేదు, తట్టుట మానెను. దానిని మూసి, మీట కట్టివేసితిని.

అప్పటినుండి నా కొక పని పెట్టుకొంటిని. నా భార్య ఉత్తరములను ఒక్కొక్కటిగా రోమను లిపినుండి తెలుగు లిపిలోనికి ఎత్తి వ్రాయుచున్నాను. మనుమలకు ముందుముందు ఆ రోమను తెలుగు చదువవచ్చునో రాదో. నేను వ్రాసినవానిలో చిక్కులేదు. చిక్కంతయు, నేను ఊరలేనప్పుడు మా అమ్మాయి వ్రాసినవానిలో నున్నది. అందు కళయు కలయు ఒకటే, పాలును పళ్ళును ఇంచుమించుగ ఒకటే. సందర్భమునుబట్టి తేల్చుకొనుచు వచ్చితిని.

ఒకటి తేలలేదు. 2000 ఆగస్టులో, అబ్బాయి పోయిన వారమునకు, నేను బడిపనిమీద గుంటూరు వెళ్ళియుండగా తల్లి చెప్పగా కూతురు వ్రాసిన ఉత్తరమది. పంపిన జాబుల పెట్టెలో మొదటివానిలో నొకటి. నేను దానిని ఇన్నాళ్ళును చూడనేలేదు. అందులో ఆవకాయ సంగతియు, పక్కింటివారి సంగతియు నైన పిమ్మట ఇట్లున్నది: "నువ్వు రైలెక్కిన రాత్రి మీ నాన్న" అని, ఆ తరువాత ఒక మాట. అది "పడుకోలేదు" అని యైనను చదువవచ్చును, "పాడుకోలేదు" అని యైనను చదువవచ్చును. రోమను వ్రాతలో రెంటికిని అవే యక్షరములు. దాని తరువాత, "నాకు చెప్పరు. నేనూ అడగలేదు" అని యున్నది.

మా అమ్మాయి ఇప్పుడు పూనాలో నున్నది. ఫోను చేసి అడిగితిని. "ఇరవయ్యేళ్ళు దాటింది, నాకేం గుర్తుంటుంది నాన్నా? మీరే చెప్పండి, ఆ రాత్రి ఏం చేశారు?" అనెను. జ్ఞప్తి తెచ్చుకొన జూచితిని. తెనాలి స్టేషనులో వానిని చెన్నపట్టణపు రైలెక్కించి ఇంటికి వచ్చితిని. వసారాలో మంచముపై కూర్చుంటిని. పద్యమేదియు నోటికి రాలేదు. నిద్రయు పట్టలేదు. ఆమె లోపల దీపమార్పియే యుండెను. నిద్రించుచున్నదనియే నే ననుకొంటిని.

ఆమె రెంటిలో దేనిని గమనించి చెప్పెనో, దేనిని వ్రాయవలెనో తెలియలేదు. ఉత్తరమంతయు తెలుగున ఎత్తి వ్రాసి, ఆ యొక్క మాటను మాత్రము, మా అమ్మాయి కొట్టినది కొట్టినట్లుగా, రోమను అక్షరములలోనే ఉంచితిని.

సెలవు.